ఒకే గదిలో ఇల్లూ, పనీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం చిన్న గదుల గురించే. పడకా, పనీ, చదువూ, బట్టలూ అన్నీ ఒకే చోట ఎలా ఇమడ్చాలన్నదే అందరి టెన్షన్. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి క్లుప్తంగా జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాకున్నది 10 బై 12 గది ఒక్కటే. నేనూ మా తమ్ముడూ ఉంటాం. నేను పగలంతా ఇంటి నుంచే కంప్యూటర్ మీద పని చేస్తాను. వాడు పరీక్షలకి రాత్రి ఒంటిగంట దాకా చదువుతాడు. ఒక మంచమే ఉంది, ఇంకొకళ్లం కింద పరుపు వేసుకుంటున్నాం. పగలు మంచాన్ని గోడకి మడిస్తే దాని కింది నుంచే టేబుల్ వచ్చే డిజైన్ ఒకటి చూశాను, చాలా నచ్చింది. చేయించుకోవచ్చా? ఒక 10 అడుగుల గోడకి మధ్యలో తలుపు, ఎదురు గోడకి కిటికీ ఉన్నాయి.

జవాబు: వద్దండీ. ఆ డిజైన్ చెడ్డదని కాదు, ఒక్కరే ఉండే గదికి అది చక్కగా సరిపోతుంది. ఆ మనిషి పడుకున్నప్పుడు పని చెయ్యరు, పని చేసేటప్పుడు పడుకోరు కదా. మీ ఇంట్లో సంగతి వేరు. రాత్రి 11 గంటలకి మీకు నిద్ర కావాలి, అదే టైముకి మీ తమ్ముడికి టేబుల్ కావాలి. ఒక్క సామాను ఆ రెండూ ఒకేసారి ఎలా అవుతుంది? వారం తిరక్కుండానే ఇద్దరికీ గొడవలు మొదలవుతాయి, చివరికి వాడు మంచం మీద వంగి చదువుతూ నడుం నొప్పి తెచ్చుకుంటాడు.

ఎవరింటికి వెళ్లినా నేను టేపు తీసే ముందు ఒక తెల్లకాగితం అడుగుతాను. పొద్దున నిద్ర లేచింది మొదలు రాత్రి చివరి లైటు ఆర్పేదాకా గంటలన్నీ వరసగా రాసి, ఏ గంటలో ఎవరు ఏం చేస్తారో పక్కన రాయమంటాను. వేర్వేరు గంటల్లో పడే పనుల్ని ఒకే సామాను మీద ఎంతైనా కలపొచ్చు. ఒకే గంటలో పడే రెండు పనుల్ని మాత్రం కలపకూడదు. ఇది తేలిపోయాక మిగిలేవి కొలతలే, వాటికి కంగారు పడక్కర్లేదు.

మీ గదికి నేనైతే ఇలా వేస్తాను. తలుపులో నిలబడి కిటికీ వైపు చూస్తున్నారనుకోండి. ఎడమచేతి గోడ వెంట తలుపు వైపు నుంచి మొదలుపెట్టి, ఆరుంబావు అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున దిమ్మెలాంటి మంచం, దాని కింద సొరుగులు. పగలు వెనక దిళ్లు ఆనిస్తే అదే మీ సోఫా. అది అయిపోయిన చోట నేల నుంచి తలెత్తు దాటేదాకా ఒక పుస్తకాల స్టాండు, అడుగుంముప్పావు వెడల్పు, 2 అడుగుల లోతు. ఆ తర్వాత కిటికీ దాకా మిగిలే 4 అడుగుల్లో టేబుల్, 2 అడుగుల లోతు. ఈ టేబుల్ మడవదు, కదలదు. గోడ 12 అడుగులూ సరిగ్గా సరిపోయింది చూడండి.

పుస్తకాల స్టాండుని మూలకి నెట్టకుండా మంచానికీ టేబుల్‌కీ మధ్యలో ఎందుకు పెట్టానంటే, రాత్రి టేబుల్ దీపం వెలుగు పడుకున్నవాళ్ల కళ్లలో పడకుండా అదే అడ్డుగోడ అవుతుంది. ఆ దీపాన్ని కూడా స్టాండుకే, అంటే టేబుల్‌కి ఎడమ వైపున బిగించండి. కుడిచేత్తో రాసేవాళ్లకి చేతి నీడ కాగితం మీద పడదు. పగలు మీరు కూర్చున్నప్పుడు కిటికీ కుడి పక్కన ఉంటుంది కాబట్టి వెలుగు స్క్రీన్ మీదా పడదు, సూటిగా కళ్లలోకీ కొట్టదు. చాలామంది సరదాగా కిటికీ కిందే టేబుల్ వేయించుకుంటారు, కానీ కంప్యూటర్ పనికి అది కళ్లని బాగా అలసిపోయేలా చేస్తుంది.

ఇక కుడి గోడ. తలుపు వైపు అడ్డంగా మడిచే సింగిల్ మంచం, అంటే తల వైపు నుంచి కాకుండా పొడుగు పక్క నుంచి గోడకి లేచే రకం. ఫ్రేముతో కలిపి పొడవు దాదాపు ఆరుంముప్పావు అడుగులు. మూస్తే గోడ నుంచి 18 అంగుళాలు, తెరిస్తే మూడుంముప్పావు అడుగులు ముందుకి వస్తుంది. దాన్ని దాటాక, టేబుల్‌కి ఎదురుగా మూడున్నర అడుగుల బట్టల బీరువా. ఇప్పుడు లెక్క చూడండి. పగలు రెండు మంచాల మధ్య ఐదున్నర అడుగుల ఖాళీ నేల, రాత్రి మంచం దించినా 39 అంగుళాల దారి. మనిషి నడవడానికి కనీసం 24 అంగుళాలు కావాలి, 30 ఉంటే హాయిగా ఉంటుంది. తలుపు మధ్యలోనే ఉంది కాబట్టి పగలు రెక్క లోపలికి తెరుచుకున్నా మంచానికి తగలదు, రాత్రి మంచం దించాక తగులుతుందేమో రెక్క వెడల్పు కొలిచి చూసుకోండి. మడత మంచం నాలుగడుగుల ఎత్తుకి మించదు కాబట్టి పైన గోడకి 10 అంగుళాల లోతు అరలు కూడా వస్తాయి. 2 అడుగుల లోతున్న బీరువా ముందు కూడా కుర్చీ వెనక్కి జరపడానికి, రెక్క తీయడానికి చోటు మిగులుతుంది. బీరువా లోతు 22 అంగుళాల కన్నా తగ్గించొద్దు, హ్యాంగర్లు అడ్డంగా పట్టక రెక్కలు మూసుకోవు.

టేబుల్ ఎత్తు 30 అంగుళాలని కార్పెంటర్లు అలవాటు కొద్దీ వేసేస్తారు. దానికి ఒప్పుకోకండి. మీరు వాడబోయే కుర్చీలోనే కూర్చుని, పాదాలు నేలకి పూర్తిగా ఆనించి, మోచేతులు వంచి, నేల నుంచి మోచేతి దాకా కొలిపించుకోండి. టేబుల్ పై అంచు అక్కడికే రావాలి. మీ ఇద్దరి కొలతలూ వేర్వేరుగా వస్తే పొడుగు మనిషి కొలత తీసుకుని, పొట్టి మనిషి కుర్చీ పెంచుకుని కాళ్ల కింద పీట వేసుకోవాలి. ఎందుకంటే టేబుల్‌ని తర్వాత పెంచలేం కదా. మోకాళ్ల దగ్గర కనీసం 24 అంగుళాల వెడల్పు ఏమీ లేకుండా ఖాళీగా వదలమనండి, అక్కడ సొరుగు వద్దు.

మడత మంచం దగ్గర మాత్రం రాజీ పడకండి. మూసి ఉన్నప్పుడు ఎంత నిలకడగా కనిపించినా, దించడం మొదలుపెట్టగానే బరువంతా ముందుకి వస్తుంది, గోడకి బిగించకపోతే ఫ్రేము మొత్తం మీ మీద పడుతుంది. ఇటుక గోడో కాంక్రీటో అయితే యాంకర్ బోల్టులు. బోర్డు గోడ అయితే లోపలి ఫ్రేము ఎక్కడుందో వెతికి దానికే బిగించాలి, వట్టి బోర్డు ఆ బరువు పట్టదు. పరుపు ముందే కొనేసి దాని మందం, బరువు చెప్పి మంచం బరువు మోసే స్ప్రింగులో గ్యాస్ పిస్టన్లో ఎంపిక చేయించండి. తర్వాత పరుపు మారిస్తే బ్యాలెన్స్ తప్పుతుంది. పెద్ద మందం పరుపైతే ఫ్రేములో పట్టక మంచం మూసుకోదు కూడా.

మీరు చూసిన ఆ మంచం-టేబుల్ ఆలోచన ఇవాళ్టిది కాదు. షికాగోలో ఫర్నిచర్ దుకాణం నడిపిన సారా గూడ్ 1885లోనే, మూస్తే రాతబల్ల, తెరిస్తే మంచం అయ్యే సామానుకి అమెరికా పేటెంట్ తీసుకుంది. ఆ హక్కు పొందిన తొలి నల్లజాతి మహిళల్లో ఆమె ఒకరు. కాగితాలూ కలాలూ దాచుకోవడానికి అందులో చిన్న చిన్న అరలు కూడా పెట్టిందామె. నా ఉద్దేశంలో అసలు తెలివంతా ఆ అరల్లోనే ఉంది. ఎందుకో కింది ప్రశ్న చూస్తే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: గోడకి మడిచే టేబుల్ చేయించుకున్నాం. పని బాగుంది, హింజెస్ కూడా గట్టివే. కానీ మొదటి వారం తర్వాత ఒక్కసారి కూడా మడవలేదు. రోజంతా తెరిచే ఉంటుంది, ఇల్లంతా దానికే తగులుతూ తిరుగుతున్నాం. మాదే బద్ధకమా?

జవాబు: బద్ధకం అనుకోకండి, ఆ టేబుల్‌లో ఒక్కటి తక్కువైంది. మొదట్లో నేను నా గదికి చేయించుకున్నది కూడా ఇలాంటిదే. ఒక సాయంత్రం దాన్ని మడుద్దామని దాని ముందు నిలబడి పైనున్నవి చూశాను. లాప్‌టాప్, దాని ఛార్జర్, సగం తాగిన గ్లాసు, రెండు పెన్నులు, స్కేలు, కళ్లజోడు, ఎవరో ఇచ్చిన బిల్లు, మడత పెట్టిన నక్షా, స్టేప్లర్. ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? మంచం మీద పెడితే రాత్రి మళ్లీ తీయాలి. మడవడానికి ఒక్క నిమిషం చాలు, సర్దడానికి పది నిమిషాలు. రోజూ పది నిమిషాలు ఎవరూ సర్దరు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో కట్టిన ఇళ్ల కోసం 1926లో మార్గరెటె షుటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ గీసిన వంటగది అందరూ చెప్పుకునేంత పేరు తెచ్చుకుంది. దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న ఆ చిన్న చోటులో గోడకి మడిచే ఇస్త్రీ బల్ల కూడా ఉంది. ఇస్త్రీ బల్ల ఏళ్ల తరబడి మడుస్తూనే ఉంటాం, ఎందుకంటే పని అయ్యాక దాని మీద ఏమీ మిగలదు. రాత టేబుల్ మీద మిగులుతాయి. తేడా అంతా అక్కడే.

కాబట్టి టేబుల్ పీకెయ్యక్కర్లేదు. అది గోడని ఆనుకున్న చోట 5 లేదా 6 అంగుళాల లోతు పెట్టె ఒకటి గోడకి బిగించి, హింజెస్ విప్పి టేబుల్ రెక్కని ఆ పెట్టె కింది అంచుకి మార్చమనండి. అప్పుడు టేబుల్ రెక్కే ఆ పెట్టెకి తలుపవుతుంది. లోపల అడ్డంగా రెండు చిన్న అరలు, లాప్‌టాప్ నిలబెట్టే సందు, ప్లగ్ పాయింటు. రెక్క పైకి లేపేముందు చేయాల్సిందల్లా వస్తువుల్ని అరచెయ్యంత వెనక్కి నెట్టడమే. ఛార్జర్ ప్లగ్‌లోనే ఉండిపోతుంది. వేడి బయటికి పోవడానికి పెట్టె పైనా కిందా నాలుగైదు రంధ్రాలు పెట్టించడం మర్చిపోకండి, మూసిన పెట్టెలో ఛార్జింగ్ పెట్టి వదలొద్దు కూడా. పెట్టె వచ్చాక టేబుల్ ఆ మేర గదిలోకి జరుగుతుంది కాబట్టి దారి ఎంత మిగులుతుందో ముందే కొలుచుకోండి.

ప్రశ్న: టేబుల్ పైన రెండు పక్క చెక్కల మధ్య 5 అడుగుల పుస్తకాల అర వేయించాం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డే వాడారు. ఏడాదిలో మధ్యలో పెన్సిల్ మందం కిందికి దిగింది. చెక్క మంచిది కాదా?

జవాబు: చెక్కని అనుమానించకండి, పొడుగు ఎక్కువైంది. మామూలు సైజు పుస్తకాలు నిండా పేరిస్తే అడుగుకి 8 నుంచి 10 కిలోల బరువుంటాయి. అంటే మీ అర మీద ఏడాది పొడుగునా 40, 50 కిలోలు కూర్చున్నాయి. పుస్తకాలు అంతే దట్టంగా పేర్చి అర పొడవు రెట్టింపు చేస్తే వంపు రెండింతలు కాదు, 16 రెట్లు పెరుగుతుంది. పుస్తకాలకి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడేటప్పుడు రెండున్నర అడుగులకి ఒక ఆధారం ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. పార్టికిల్ బోర్డు అయితే ఇంకా తక్కువకే పెట్టాలి, అది బరువు కింద నెలల తరబడి మెల్లగా దిగుతూనే ఉంటుంది.

కొత్త అర అక్కర్లేదు. పుస్తకాలు దించేసి, చెక్క విప్పి, తిరగేసి పెట్టమనండి, వంగిన వైపు పైకి రావాలి. వెనక గోడకి పొడుగునా ఒకటిన్నర అంగుళాల కర్ర పట్టీ బిగించి అర వెనక అంచు దాని మీద కూర్చునేలా చేయించండి. ముందు అంచుకి ఒకటిన్నర అంగుళాల వెడల్పు పట్టీని పడుకోబెట్టకుండా నిలువుగా, జిగురుతో పాటు స్క్రూలు కూడా వేసి అంటించాలి. స్కేలుని పడుకోబెట్టి వంచండి, తర్వాత నిలబెట్టి వంచి చూడండి, నేను చెప్పేది చేతికే తెలుస్తుంది. మధ్యలో గోడకి ఒక బ్రాకెట్ కూడా వేస్తే ఇక దాని గురించి మర్చిపోవచ్చు.

ప్రశ్న: అద్దె ఇల్లు. గోడలో కలిసిపోయేలా ఫర్నిచర్ చేయించుకోవాలని ఉంది కానీ రేపు ఖాళీ చేయాల్సి వస్తే?

జవాబు: గోడకి కట్టకుండా గోడలా కనిపించేది చేయించండి. 30 అంగుళాల వెడల్పు మించని విడి విడి పెట్టెలు, ఒకదానికొకటి బోల్టులతో కలిపేవి. చివర్లలో మిగిలే నాలుగైదు అంగుళాల సందులకి స్క్రూలతో పెట్టే పట్టీలు. ఇల్లు మారితే పెట్టెలన్నీ వస్తాయి, పట్టీలు మాత్రమే కొత్తవి కోయించుకోవాలి. జిగురూ మేకులూ వేసి గది లోపలే బిగించారంటే మాత్రం బయటికి తేవాలంటే విరగ్గొట్టడమే. చేయించే ముందు తలుపు వెడల్పూ, మెట్ల మలుపూ, లిఫ్టు ఉంటే దాని లోపలి ఎత్తూ కొలవండి. ఎత్తయిన స్టాండ్లని మాత్రం అద్దె ఇల్లయినా సరే పైన ఒక ఎల్ బ్రాకెట్‌తో గోడకి కట్టాలి. రెండు రంధ్రాలు పూడ్చుకోవడం చిన్న పని. పిల్లలు సొరుగులు మెట్లలా ఎక్కి బీరువా మీద పడేసుకోవడం మామూలుగా జరిగే ప్రమాదమే. ఇంటి యజమానికి ముందే ఒక మాట చెప్పండి.

ప్రశ్న: మా స్టోరేజీ మంచం పలక ఎత్తితే ఇదివరకు పైనే నిలిచేది. ఇప్పుడు మెల్లగా కిందికి వచ్చేస్తోంది.

జవాబు: పిస్టన్లలో గ్యాస్ తగ్గింది, లేదా మీరు ఇదివరకటికన్నా బరువైన పరుపు వేశారు. చలిలో గ్యాస్ ఒత్తిడి పడిపోతుంది కాబట్టి చలికాలంలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పిస్టన్ ఒంటి మీద న్యూటన్లలో ఒక అంకె ముద్రించి ఉంటుంది (10 న్యూటన్లంటే సుమారు కిలో బరువు), పొడవు కూడా కొలుచుకుని అదే రకం తెప్పించండి. పరుపు మార్చి ఉంటే దాని బరువు చెప్పి అడగండి. రెండు పిస్టన్లూ ఒకేసారి మార్చాలి, ఒక్కటే మారిస్తే పలక మెలి తిరుగుతుంది. మార్చేదాకా గట్టి కర్ర ఊతం పెట్టకుండా తలా చేతులూ లోపల పెట్టొద్దు, పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వొద్దు.

ప్రశ్న: నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. హాల్లో ఒక గోడే ఖాళీగా ఉంది, 7 అడుగులు. మిషను, కత్తిరింపు, ఇస్త్రీ, అద్దం అన్నీ అక్కడే పట్టాలి. భోజనాల బల్ల కూడా దాంట్లోనే వచ్చేలా చేయొచ్చా? కత్తిరించే రోజు రాత్రి నడుం పట్టేస్తోంది.

జవాబు: భోజనాన్ని దీంట్లో కలపకండి. పైన గంటల లెక్క చెప్పాను కానీ దానికి ఒక మినహాయింపు ఉంది. ముందు చేసిన పని ఏదైనా వదిలిపెట్టి వెళ్తే, గంటలు వేరైనా కలపకూడదు. కుట్టుపని పిన్నుల్ని వదిలిపెడుతుంది, భోజనం జిడ్డుని వదిలిపెడుతుంది. అవతలివాళ్లు నమ్మి ఇచ్చిన గుడ్డ మీద ఒక్క మరక పడినా, కంచంలో ఒక్క పిన్ను పడినా మీకెంత బాధో నేను చెప్పక్కర్లేదు.

నడుం పట్టేయడానికి కారణం మిషను టేబుల్ మీదే కత్తిరించడం. కూర్చుని కుట్టడానికి 28 నుంచి 30 అంగుళాలు సరిపోతాయి, నిలబడి కత్తిరించడానికి 36 దగ్గర కావాలి. అంత తేడా ఉన్నప్పుడు ఒకే పలక రెండు పనులకీ పనికిరాదు. మీ 7 అడుగుల్లో 3 అడుగులు మిషనుకి వదలండి, అది రోజూ ఎత్తి దించేది కాకూడదు, అక్కడే ఉండాలి. పాత తొక్కుడు మిషన్లలో తల కిందికి వాలి బల్లలో దాక్కునేది చూశారు కదా, అలాంటి ఏర్పాటు మీ మిషనుకి కుదిరితే ఇంకా మంచిది. పైన దారాల అరలు తక్కువ లోతువి చాలు, 4 అంగుళాలు. లోతుగా చేయిస్తే వెనక వరస కండెలు ఎప్పటికీ చేతికి రావు.

మిగిలిన 4 అడుగుల్లో గోడ మీద 6 అంగుళాల లోతు పెట్టె, దానికి 4 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తున్న తలుపు, కింది అంచున 36 అంగుళాల ఎత్తులో హింజెస్. తలుపు దించితే కత్తిరింపు బల్ల. మూస్తే దాని బయటి ముఖం మీద అద్దం, నడుం నుంచి తల దాకా కనిపిస్తుంది, ట్రయల్‌కి సరిగ్గా పనికొస్తుంది. ఎవరైనా వేసుకుని చూసుకునేటప్పుడు మీరు కత్తిరించరు కదా, అందుకే ఆ రెండూ బాగా కలుస్తాయి. లోపలి ముఖం మీద అంగుళాల గీతలు గీయించుకోండి, టేపు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇస్త్రీకి అదే బల్ల మీద మందం దుప్పటి పరవండి, పని అయ్యాక పెట్టె లోపల మేకుకి వేలాడదీయొచ్చు.

4 మిల్లీమీటర్ల అద్దం ఆ సైజుకి దాదాపు 9 కిలోలుంటుంది, దానికి చెక్క బరువు కలపండి. మీరు కత్తిరించేటప్పుడు ముందుకి వంగి బరువు వేస్తారు. కాబట్టి గొలుసులు చాలవు, కింద తలుపులా తిరిగి వచ్చి బల్లకి ఆనే కాలు ఒకటి ఉండాలి. అద్దాన్ని వట్టి టేపుతో అంటించనివ్వకండి, చుట్టూ ఫ్రేము వేయించండి, వెనక పగిలినా రాలకుండా పట్టుకునే ఫిల్మ్ ఉన్నది అడగండి. దించేటప్పుడు చెయ్యి జారినా దబ్బున పడకుండా రెండు వైపులా చిన్న పిస్టన్లు పెట్టించండి.

36 అన్నాను కానీ అది మీ ఎత్తుని చూడకుండా చెప్పిన అంకె. కార్పెంటర్‌ని పిలిచే ముందు మిషను టేబుల్ మీద పుస్తకాలు పేర్చి, వాటి మీద ఒక పలక వేసి 36కి తెచ్చి, కత్తెర పట్టుకుని పాత దుప్పటి మీద ఒక అరగంట నిజంగా కత్తిరించి చూడండి. భుజాలు పైకి లేస్తున్నాయంటే ఒక పుస్తకం తీసెయ్యండి, ఇంకా నడుం వంగుతోందంటే ఒకటి పెట్టండి. ఒళ్లు ఒప్పుకున్న ఎత్తు ఏదో అదే గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి ఉంచండి, కార్పెంటర్ రాగానే ముందు ఆ గీతే చూపించండి.